రోజూ పెట్టుకునే పచ్చరాళ్ళ దుద్దులు: ఏ రాయి, ఏ లోహం? అమ్మాయి చెవులకి ఏదీ పడట్లేదు

మంజరి_బెజవాడ
మా అమ్మాయికి వచ్చే నెల హైదరాబాద్‌లో ఉద్యోగం మొదలవుతుంది. రోజూ ఆఫీసుకి పెట్టుకెళ్ళడానికి ఒక జత రాళ్ళ దుద్దులు కొనిద్దామని రెండు వారాలుగా బీసెంట్ రోడ్డు చుట్టూ తిరుగుతున్నాను, తిరిగేకొద్దీ అయోమయం పెరుగుతోంది తప్ప తగ్గట్లేదు. దానికి ఆకుపచ్చ రాయే కావాలి, చిన్నవి ఉండాలి, పక్కకి తిరిగి పడుకున్నా గుచ్చుకోకూడదు. ఒక కొట్లో 14 క్యారెట్ల తెల్ల బంగారంలో పచ్చలు పొదిగిన జత చూపించారు, పిల్లకి తెగ నచ్చేసింది. మా అత్తగారేమో 22 క్యారెట్లు కాకపోతే అది బంగారమే కాదు, అవసరానికి తాకట్టు పెట్టుకోవడానికి కూడా పనికిరాదు అంటున్నారు. అసలు చిక్కు ఇంకొకటుంది. గిల్టు దుద్దులు ఏవి పెట్టినా రెండో రోజుకే తమ్మెలు ఎర్రబడి నీరు కారుతుంది. కాలేజీ నాలుగేళ్ళూ చాలా రోజులు వేపపుల్లలతోనే గడిపింది. బడ్జెట్ లక్ష లోపు. వాడినవాళ్ళు చెప్పండి.

రాజీ_గుడివాడ
పచ్చ వద్దు అక్కా, రోజువారీకి అసలే వద్దు. నా పెళ్ళికి అమ్మ చేయించిన పచ్చల దుద్దులు నాలుగేళ్ళు బాగానే ఉన్నాయి. ఒకసారి కొట్టుకి వెళ్ళినప్పుడు ఉచితంగా శుభ్రం చేసిస్తామని తీసుకుని మెషీన్‌లో వేశారు. ఇంటికొచ్చి చూస్తే ఒక రాయిలో తెల్లటి చీలిక, ముందెప్పుడూ కనపడనిది. అడిగితే అది మొదటినుంచీ ఉందన్నారు. ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

ప్రొద్దుటూరు_పనివాడు
రాజీ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు జరిగే పనే. మేం మూడు తరాలుగా రాళ్ళు పొదిగే పనిలో ఉన్నాం, అందుకని కొంచెం వివరంగా రాస్తాను. పచ్చ గట్టిదే, గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఉంటుంది. కానీ గట్టిదనం వేరు, దెబ్బకి తట్టుకోవడం వేరు. పచ్చలో పుట్టుకతోనే సన్నని నెరసులు, పగుళ్ళు ఉంటాయి, అవి లేని పచ్చ దొరకడం అరుదు. ఆ పగుళ్ళు కనపడకుండా నూనె పట్టిస్తారు, ఇది మోసం కాదు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, అమ్మేవాళ్ళు చెప్పి అమ్మాలి అంతే. అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేస్తే ఆ నూనె బయటికొచ్చేస్తుంది, లోపలి పగులు తెల్లగా తేలుతుంది, ఒక్కోసారి పగులు పెరుగుతుంది కూడా. ఆవిరి పెట్టినా అంతే. రాజీ గారూ, మీ రాయి నిజంగా పగిలి ఉండకపోతే మళ్ళీ నూనె పట్టించుకోవచ్చు, జైపూర్‌లో ఆ పని బాగా చేస్తారు. బీరువాలో వదిలెయ్యకండి.

రాజీ_గుడివాడ
ఈ మాట ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదండీ. చాలా థాంక్స్. రేపే బయటికి తీస్తాను.

చర్మాల_డాక్టరమ్మ
రాయి సంగతి తర్వాత, ముందు చెవి సంగతి. మంజరి గారు చెప్పిన లక్షణాలు చాలావరకు నికెల్ అలర్జీలా ఉన్నాయి. చూడకుండా ఖాయం చేయలేను, ప్యాచ్ టెస్ట్, అంటే అనుమానమున్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూసే పరీక్ష, చేయిస్తే తేలిపోతుంది. గిల్టు నగల్లో ఇత్తడి మీద నికెల్ పూత, దానిమీద పల్చగా బంగారు పూత వేస్తారు, చెమటకి పైపూత పోగానే నికెల్ చర్మానికి తగులుతుంది. ఒకసారి ఒంటికి నికెల్ పడకుండా పోతే అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది, మందులతో నయమయ్యేది కాదు, తగలకుండా చూసుకోవడమే దారి. అందుకే తెల్ల బంగారం అనగానే నాకు టెన్షన్ వచ్చింది. పసుపు బంగారాన్ని తెల్లగా మార్చడానికి నికెల్ గానీ పల్లాడియం గానీ కలుపుతారు. పైన రోడియం పూత ఉంటుంది కాబట్టి కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. కాడ దగ్గర పూత అరిగాక మొదలవుతుంది గోల. కొట్లో "దీంట్లో నికెల్ ఉందా, పల్లాడియం ఉందా" అని సూటిగా అడగండి. చెప్పలేకపోతే ఆ జత పక్కన పెట్టేయండి.

మంజరి_బెజవాడ
అయ్యో, ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు డాక్టరమ్మా. పైగా "ఇది ప్రీమియం మేడమ్, ప్లాటినంలా ఉంటుంది" అన్నారు.

డబ్లిన్_దీప్తి
ప్లాటినం అయితే ఏ బాధా లేదు. మామూలుగా నగల ప్లాటినంలో వెయ్యికి 950 పాళ్ళు ప్లాటినమే, పూత అవసరం లేదు, తెల్లగానే ఉంటుంది. ఇక్కడ యూరప్‌లో చెవి కుట్టు లోపలికి వెళ్ళే కాడ నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.2 మైక్రోగ్రాముల కంటే తక్కువ నికెలే విడుదల కావాలని నిబంధన ఉంది. నాకూ ఇదే అలర్జీ, అందుకని నికెల్ పరీక్ష చేసే చిన్న కిట్ కొనుక్కున్నాను. దూదికి రెండు చుక్కలు వేసి లోహం మీద రుద్దితే, నికెల్ ఉంటే దూది గులాబీ రంగుకి తిరుగుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న నా తెల్ల బంగారం దుద్దులు పాస్ అయ్యాయి, వాటి కోసం కొన్న విడి సీలలు మాత్రం ఫెయిల్! దుద్దు మంచిదై సీల స్టీలుది అయినా చెవి ఊరుకోదు.

కృష్ణలంక_పిన్ని
మా చిన్నదానికీ ఇంతే. చివరికి 22 క్యారెట్ల ఉత్త బంగారు దుద్దులు పెట్టాం, పదేళ్ళయింది, తీయనే లేదు. రాయీ రప్పా లేకుండా ఉంటే హాయి. మీ అత్తగారి మాట తీసిపారేయకండి.

ప్రొద్దుటూరు_పనివాడు
పిన్ని గారి మాటలో నిజముంది, ఉత్త బంగారు దుద్దులకి 22 క్యారెట్లు చక్కగా సరిపోతుంది, కలిసేది వెండి, రాగి కాబట్టి చెవికీ మంచిది. రాయి పొదిగేటప్పుడే లెక్క మారుతుంది. 22 క్యారెట్లంటే 91.6 శాతం బంగారం, మెత్తన. రాయిని పట్టుకునే సన్నని కాళ్ళు చున్నీకో దువ్వెనకో తగులుకుని వంగిపోతాయి, రాయి ఎప్పుడు జారిందో కూడా తెలీదు. 18 క్యారెట్లలో బంగారం 75 శాతం, కాళ్ళు గట్టిగా నిలబడతాయి. వజ్రాల దుద్దులు ఎక్కువగా 18లోనే చేసేది ఇందుకే. మీ అత్తగారి కోసం 22లోనే కావాలంటే కాళ్ళ మీద కట్టించకండి, రాయి చుట్టూ గోడలా బంగారం నిలబెట్టి అంచు మడిచే పొదుగు చేయించండి. రాయి కొంచెం చిన్నదిగా కనపడుతుంది, కానీ దేనికీ తగులుకోదు, మంజరి గారడిగినట్టు పడుకున్నా గుచ్చుకోదు.

నెల్లూరు_లత
14 క్యారెట్లు తాకట్టుకి పనికిరాదనేది పూర్తిగా నిజం కాదు, కాకపోతే మా ఊళ్ళో చిన్న కొట్లవాళ్ళు మొహం చిట్లిస్తారు. నేను చెప్పదలచుకున్నది వేరే సంగతి, బిల్లు. దయచేసి అందరూ చదవండి. పోయినేడాది ఒక పెద్ద షోరూములో కెంపుల దుద్దులు తీసుకున్నాను. మొత్తం తూకం 4.600 గ్రాములు. మొత్తానికీ బంగారం రేటే వేశారు, పైగా రాళ్ళకి వేరే డబ్బు. ఇంటికొచ్చి మా ఆయన చూసి, ఇందులో రాళ్ళు 3 క్యారెట్లు అని వాళ్ళే రాశారు కదా, రాళ్ళ తూకంలో ఒక క్యారెట్టు అంటే 0.2 గ్రాములు, అంటే 0.600 గ్రాములు రాయే, దానికి బంగారం డబ్బు ఎందుకు కట్టావు అన్నారు. మర్నాడు వెళ్ళి గొడవపడితే "కంప్యూటర్ పొరపాటు" అని వెనక్కిచ్చారు. గొడవపడకపోతే ఇచ్చేవాళ్ళు కాదు. అదీగాక ఆ రాయి తూకం మీద కూడా తరుగు శాతం వేశారు! మొత్తం తూకం, రాళ్ళ తూకం, నికర బంగారం తూకం, తరుగు, మజూరీ, అన్నీ విడివిడిగా బిల్లు మీద ఉంటేనే డబ్బు కట్టండి.

మెట్‌పల్లి_మహేష్
లతక్కా, మా ఇంట్లోనూ సేమ్ ఇదే. రాళ్ళు ఎక్కువున్న నగ మీద ఈ దెబ్బ మరీ ఎక్కువ.

గుంటూరు_గృహిణి
హాల్‌మార్క్ ఉంటే చాలు కదా, ఇంత భయం ఎందుకు?

నెల్లూరు_లత
హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకే గానీ రాయికి కాదు గృహిణి గారూ. 2021 జూన్ నుంచి జిల్లాలవారీగా తప్పనిసరి చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ, అంటే ప్రతి నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, లేకుండా అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే నగ రకం, స్వచ్ఛత చూపిస్తుంది. కానీ 2 గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. చిన్న దుద్దులు చాలావరకు అక్కడే తప్పించుకుంటాయి. అడిగి వేయించుకోవడమో, నికర తూకం, క్యారెట్లు బిల్లు మీద రాయించుకోవడమో చేయాలి.

శాస్త్రి_సామర్లకోట
పచ్చ బుధ గ్రహానికి చెందినది. ఉద్యోగానికి, వాక్కుకి మంచిదని పెద్దలు చెప్తారు. అమ్మాయి జాతకం చూపించి పెట్టిస్తే బాగుంటుంది. రాయి వెనక రంధ్రం ఉండి ఒంటికి తగలాలి, అది మాత్రం చూసుకోండి.

చర్మాల_డాక్టరమ్మ
మీ నమ్మకాన్ని గౌరవిస్తాను శాస్త్రి గారూ. కానీ దుద్దులో రాయి చెవికి తగలదు, చెవికి తగిలేది కాడా, సీలా. ఈ పిల్లకి ముందు అవి సరిగ్గా ఉండాలి.

శాస్త్రి_సామర్లకోట
అదీ నిజమేనమ్మా. అయితే నమ్మకం కోసం పచ్చని ఉంగరంలో చూసుకోవచ్చు, చెవికి వేరే రాయి పెట్టుకోవచ్చు. తప్పేం లేదు.

పాతబస్తీ_పద్మ
రంగు మీద పట్టు లేకపోతే ముత్యాలు చూడమనేదాన్ని, కానీ రోజూ వాడకానికి నేనే వద్దంటాను. మాకు పత్తర్‌గట్టి దగ్గర కొట్టుంది. ముత్యం గట్టిదనం రెండున్నర నుంచి నాలుగున్నర మాత్రమే, సెంటు, చెమట, హెయిర్ స్ప్రే దాని మెరుపుని తినేస్తాయి. అన్నీ అయ్యాక చివర్న పెట్టుకుని, ఇంటికి రాగానే ముందు తీసేయాలి, మెత్తని గుడ్డతో తుడిచి విడిగా దాచాలి. దుద్దుల ముత్యానికి సగం దాకా బెజ్జం వేసి సన్నని కాడకి జిగురుతో అంటిస్తారు, వేడినీళ్ళ స్నానాలకి ఆ జిగురు వదిలేస్తుంది. మా దగ్గరికి రిపేరుకి వచ్చేవాటిలో ఎక్కువ అవే. ఇంకోమాట, హైదరాబాద్ ముత్యాలంటే ఇక్కడ పుట్టినవి అనుకుంటారు చాలామంది, ఇక్కడిది వ్యాపారం, పనితనం. అప్పట్లో బస్రా నుంచి వచ్చేవి, ఇప్పుడు ఎక్కువ చైనా మంచినీటి ముత్యాలు.

గుంటూరు_గృహిణి
మా బామ్మ దుద్దులు కుంకుడుకాయ రసంలో నానబెట్టి బ్రష్‌తో రుద్దేది, తళతళా మెరిసేవి. ముత్యాలకి కూడా చేయొచ్చా?

పాతబస్తీ_పద్మ
ముత్యాలకీ పగడాలకీ వద్దు. బామ్మగారివి వెనక మూసిన కట్టు అయితే వాటినీ నానబెట్టకండి. ఆ కట్టులో రాయి కింద మెరుపు కోసం రేకు పెడతారు, నీళ్ళు దిగితే రేకు నల్లబడి రాయి గుడ్డిదైపోతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

గుంటూరు_గృహిణి
అందుకేనా ఏడు రాళ్ళ దుద్దుల్లో రెండు రాళ్ళు నల్లగా అయ్యాయి! రాళ్ళు పోయాయనుకుని బాధపడుతున్నాం ఇన్నాళ్ళూ.

పాతబస్తీ_పద్మ
రాయి బాగానే ఉండొచ్చు. మూసిన కట్టు పని తెలిసినవాళ్ళ దగ్గర విప్పించి రేకు మార్పించండి. ఎదురుగా కూర్చుని చేయించుకోండి.

కొత్తగూడెం_కుర్రాడు
ఆకుపచ్చే కావాలి, గట్టిగా ఉండాలి, నూనెల గొడవ వద్దు అంటే సావొరైట్ చూడండి మంజరి గారూ. గార్నెట్ కుటుంబంలోది, కెన్యా, టాంజానియాల్లో దొరుకుతుంది, కెన్యాలోని సావో పార్కు పేరే దీనికి పెట్టారు. ఆకుపచ్చ అంటే మంచి ముదురు ఆకుపచ్చ, పచ్చకి ఏం తీసిపోదు. మామూలుగా దీనికి నూనె పట్టించడం, కాల్చడం లాంటివి చేయరు. పెద్ద రాళ్ళు అరుదు, ఖరీదు, కానీ మీకు కావలసిన చిన్న సైజు దొరుకుతుంది. గార్నెట్ మీద నాకు ఇంత ప్రేమ ఎందుకంటే, మా కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్టల్లో ఎర్ర గార్నెట్ దొరుకుతుంది, పాతకాలంలో అక్కడి రాయి సముద్రాలు దాటి వెళ్ళింది. చిన్నప్పుడు వాగు ఇసుకలో ఎర్రటి గింజలు ఏరి అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్ళం.

అనంత_వేణు
తొలకరి పడగానే మా వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాల కోసం తిరుగుతారు. తమ్ముడూ, నీ అగ్గిపెట్టె పట్టుకుని ఇటు రా, ఇద్దరం కలిసి వెతుకుదాం, దొరికితే మంజరి గారి బడ్జెట్ సమస్య తీరిపోతుంది :)

కొత్తగూడెం_కుర్రాడు
వస్తానన్నా, రాగి సంగటి మీదే!

తణుకు_తులసి
పెరిడాట్ అయితే ఇంకా తక్కువలో వస్తుంది కదా? లేత ఆకుపచ్చ, నా దగ్గర ఉన్నాయి, చాలా బాగుంటాయి.

ప్రొద్దుటూరు_పనివాడు
తులసి గారూ, పెరిడాట్ అందమైన రాయి, గట్టిదనం మాత్రం ఆరున్నర నుంచి ఏడు. మన గాల్లో ఉండే దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, ఇసుక గట్టిదనం ఏడు. రోజూ తుడిచీ తుడిచీ రాయి మీద కంటికి కనపడని గీతలు పడి మసకేస్తుంది. బస్సుల్లో, బైకు మీద తిరిగే పిల్లకి ఏడు దాటిన రాయే మంచిది. సావొరైట్ ఏడు, ఏడున్నర. ఇంకా గట్టిది కావాలంటే ఆకుపచ్చ నీలం ఉంది, అంటే సఫైర్‌లోనే ఆకుపచ్చ రంగుది, తొమ్మిది, కాకపోతే రంగు కొంచెం మాసినట్టుంటుంది, పిల్లకి నచ్చకపోవచ్చు. తక్కువలో వస్తున్నాయని కెంపుల మీదికి మాత్రం మనసు పోనివ్వకండి, బజారులో సీసం కలిసిన గాజు నింపిన కెంపులు చాలా ఉన్నాయి. పగుళ్ళన్నీ గాజుతో పూడ్చేస్తారు, రిపేరుకి మంట తగిలినా, నిమ్మరసం లాంటి పులుపు తగిలినా ఆ గాజు పాడైపోతుంది. రాయికి కొంచెం పెద్ద మొత్తం పెడుతున్నప్పుడు ఐజీఐ, జీఐఏ లాంటి ల్యాబు కాగితం అడగండి, దాంట్లో రాయికి ఏమేం చేశారో రాసి ఉంటుంది.

కృష్ణలంక_పిన్ని
ఇంత ఖర్చు పెట్టి కొన్నాక అమ్మబోతే రాయికి రూపాయి రాదు. బంగారానికే లెక్క కడతారు. నా మాట విను మంజరీ, ఉత్త బంగారమే మేలు.

మంజరి_బెజవాడ
పిన్ని గారూ, మీరన్నది కాదనను. కానీ ఇది అమ్మడానికి కొనట్లేదు. నా పెళ్ళప్పుడు నాకూ రాళ్ళ దుద్దులు కావాలని ఉండేది, అప్పుడు కుదరలేదు. పిల్ల మొదటి జీతం రాకముందే దాని చెవుల్లో అది కోరుకున్న రంగు చూడాలనుంది నాకు.

కృష్ణలంక_పిన్ని
అలా అయితే కొను తల్లీ. నేనింక ఏమీ అనను.

డబ్లిన్_దీప్తి
సీల గురించి ఎవరూ అడగలేదు. అమ్మాయి కుట్టు ఎలాంటిది? గన్‌తో కుట్టించారా, కంసాలి దగ్గరా?

మంజరి_బెజవాడ
గన్‌తోనే, ఆరో ఏట. బెజ్జం చాలా సన్నం.

ప్రొద్దుటూరు_పనివాడు
భలే అడిగారు దీప్తి గారూ. మన వైపు రెండు రకాల మరలు చేస్తాం. సౌత్ స్క్రూ అంటే కాడ లావు, మర ముతక, బరువు దుద్దులకి బాగా ఆగుతుంది. బాంబే స్క్రూ అంటే సన్నకాడ. గన్‌తో కుట్టిన బెజ్జంలోకి సౌత్ స్క్రూ బలవంతంగా దూర్చితే పుండవుతుంది, దాన్ని కూడా లోహం పడలేదనుకుంటారు. మీ అమ్మాయికి బాంబే స్క్రూ చెప్పండి, సీల కూడా అదే 18 క్యారెట్ల పసుపు బంగారంలో చేయమనండి. నొక్కుడు సీల వద్దు, హెల్మెట్ తీసేటప్పుడు ఊడిపోతుంది. మెత్తని 22లో సన్న మర త్వరగా అరుగుతుంది, 18కి నేను మొగ్గు చూపడానికి అదొక కారణం. రాయితో కలిపి జత నాలుగు గ్రాములు దాటనివ్వకండి, రోజూ బరువు మోస్తే కుట్టు కిందికి సాగుతుంది.

మెట్‌పల్లి_మహేష్
మా అమ్మకి అలాగే సాగి, ఒక రోజు తువ్వాలుకి తగులుకుని తమ్మె తెగిపోయింది. డాక్టర్ దగ్గర కుట్లు వేయించి, మానాక కొన్ని నెలలాగి పక్కన కొత్త కుట్టు పెట్టించాం. వెనకటివాళ్ళు బరువు దుద్దులకి మాటీలు పెట్టుకునేది అందుకే కాబోలు.

తణుకు_తులసి
వెండి చెప్పలేదు ఎవరూ. 925 వెండిలో రాయి పొదిగించి, బంగారు పూత వేయిస్తే పది వేల లోపే అయిపోతుంది కదా?

చర్మాల_డాక్టరమ్మ
925 వెండిలో కలిసేది సాధారణంగా రాగి, కాబట్టి చాలామందికి పడుతుంది. పూత వేసేటప్పుడు కింద నికెల్ పొర వేస్తారేమో మాత్రం అడగాలి. పూత లేని వెండి గాల్లోని గంధకానికి నల్లబడుతుంది, తుడుచుకుంటే పోతుంది. అప్పుడప్పుడు పెట్టుకోవడానికి బాగుంటుంది. కుట్టు పుండుగా ఉన్నప్పుడు మాత్రం ఏదీ పెట్టకండి, ముందు మాననివ్వండి. పుండు మీద కొత్త దుద్దు పెట్టి, బంగారం కూడా పడలేదని ఏడుస్తూ వచ్చేవాళ్ళు నాకు నెలకి ఇద్దరైనా ఉంటారు.

మంజరి_బెజవాడ
మళ్ళీ వచ్చాను, ఇరవై రోజులైంది. ప్యాచ్ టెస్ట్ చేయించాం, నికెలే. ఆ తెల్ల బంగారం జత కొట్లో అడిగితే ముందు నికెల్ లేదన్నారు, బిల్లు మీద రాసివ్వమంటే నీళ్ళు నమిలారు, వచ్చేశాం. గవర్నర్‌పేటలో ఒక పెద్దాయన దగ్గర చేయించాను. సావొరైట్ రెండూ కలిపి 0.90 క్యారెట్లు, ఆయనే జైపూర్ నుంచి తెప్పించారు. 18 క్యారెట్ల పసుపు బంగారం, చుట్టూ గోడ పొదుగు, బాంబే స్క్రూ. పొదిగేటప్పుడు పక్కనే కూర్చున్నా, ఒక రాయి అంచు సరిగ్గా కూర్చోలేదని ఆయనే విప్పి మళ్ళీ చేశారు. పిల్ల వారం నుంచి రాత్రీ పగలూ తీయకుండా పెట్టుకుంటోంది, ఎరుపు లేదు, దురద లేదు. మా అత్తగారు వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "పచ్చలాగే ఉందే" అని ఊరుకున్నారు.

రాజీ_గుడివాడ
ఎంత సంతోషంగా ఉందో అక్కా! నా పచ్చలు కూడా జైపూర్ వెళ్ళాయి, ఇంకో పది రోజుల్లో వస్తాయి.

నెల్లూరు_లత
బిల్లు?

మంజరి_బెజవాడ
మొత్తం 3.580 గ్రాములు, రాళ్ళు 0.180, నికర బంగారం 3.400. మూడూ విడివిడిగా రాయించాను లతా.

తణుకు_తులసి
మంజరి గారూ, ఆ పెద్దాయన ముక్కుపుడకలు కూడా చేస్తారా? మా చెల్లికి కావాలి, దానికీ గిల్టు పడదు.